అపాయింట్‌మెంట్ అడిగితే అది పొగరా?

“వైన్ రుచి చూడ్డానికి కూడా అపాయింట్‌మెంటా? వాళ్ళేమన్నా స్పెషలిస్టు డాక్టర్లా?” – మా ఆఫీసులో మనవాళ్ళ నోట ఈ మాట కనీసం పదిసార్లు విని ఉంటాను. దీని వెనకే రెండో మాట వస్తుంది: “ముప్ఫై డాలర్లు తీసుకుని ఐదు గుక్కలు పోస్తారట!” ఆ తర్వాత మూడోది, కాస్త గొంతు తగ్గించి: “మనల్ని చూసి అలా అంటారేమోరా.” మొదటి రెండూ తప్పని నా అభిప్రాయం. మూడోదాంట్లో కొంత నిజముంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఊరి సంగతి. నేనుండేది ఒరెగాన్‌లో, పోర్ట్‌లండ్ పక్కన హిల్స్‌బొరోలో. ఇంటెల్ పుణ్యమా అని ఇక్కడ తెలుగువాళ్ళకి కొదవ లేదు. శనివారం పూట ఇండియన్ స్టోర్లో కరివేపాకు దగ్గర రెండు నిమిషాలు నిలబడితే నాలుగు జిల్లాల యాసలు వినిపిస్తాయి. ఈ ఊరి నుంచి దక్షిణానికి 219వ నంబరు రోడ్డు పట్టుకుని, చెహేలం కొండల మీదుగా మెలికలు తిరుగుతూ దిగితే న్యూబర్గ్ వస్తుంది. దాని పక్కనే డండీ. మొత్తం ముప్పావుగంట ప్రయాణం. పినో నువార్ అనే ఎర్ర వైన్‌కి పేరు మోసిన విలామెట్ లోయ ఇదే. మనవాళ్ళు నాపాకి టికెట్లు కొనుక్కుని మరీ వెళ్ళొస్తారు గానీ, ఇంటి వెనకున్న దీని మొహం చూసినవాళ్ళు తక్కువే. చూసినవాళ్ళు కూడా రోడ్డు పక్కనున్న పెద్ద వైనరీల్లో ఫోటోలు దిగి వచ్చేస్తారు. కొండ మీద మట్టిరోడ్డు చివర, బోర్డు కూడా సరిగ్గా లేని చిన్న వైనరీలుంటాయి చూడండి, అపాయింట్‌మెంట్ లేనిదే రానివ్వనివి... నేను మాట్లాడేది వాటి గురించి.

దీన్ని కూల్ క్లైమేట్ ప్రాంతం అంటారు. అదేంటో నాకు పుస్తకాల కన్నా మా ఊరితో పోల్చుకుంటేనే బాగా అర్థమైంది. మాది మేడ్చల్ వైపు. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్ళుండేవని మీలో కొందరికి తెలిసే ఉంటుంది. మన దగ్గర ద్రాక్ష తీగకి నిద్ర ఉండదు. చలికాలం అంటే దానికి తెలీదు కాబట్టి రైతే ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తాడు, ఎండాకాలం మొదట్లో ఒకసారి, అక్టోబర్ ప్రాంతంలో ఇంకోసారి. రెండో కత్తిరింపు తర్వాతే కాపు. ఇక్కడ అలా కాదు. నవంబర్ నుంచి మార్చి దాకా తీగ మోడై పడుకుంటుంది. ఏప్రిల్‌లో చిగురు, జూన్‌లో పూత, ఆగస్టులో కాయ రంగు తిరగడం, సెప్టెంబర్–అక్టోబర్లలో కోత. పండు పక్వానికొచ్చే ఆఖరి వారాల్లోనే రాత్రుళ్ళు చల్లబడతాయి. అందుకే తీపి ఎక్కుతున్నా పులుపు పోదు. వేడి ప్రాంతంలో అయితే తీపి గబగబా ఎక్కేస్తుంది, పులుపు ఆవిరైపోతుంది, వైన్ బరువుగా జామ్‌లా తయారవుతుంది.

అంటే ఏంటన్నమాట? పండుతుందా పండదా అనే అంచు మీద చేసే వ్యవసాయం ఇది. 2011లో ఎండ చాలక కోత నవంబర్ దాకా సాగింది. 2020 సెప్టెంబర్లో అడవులు తగలబడి, పొగ కమ్మిన పండుతో ఎర్ర వైన్ చేయలేక ఎంతోమంది ఆ ఏడాదిని వదిలేసుకున్నారు. 2021 జూన్ 28న పోర్ట్‌లండ్‌లో 116 డిగ్రీల ఫారెన్‌హీట్ కొట్టింది (మన రామగుండం వాళ్ళకి ఇది కొత్త కాదు గానీ ఇక్కడ ఏసీ లేని ఇళ్ళు చాలానే ఉన్నాయి). 2022 ఏప్రిల్‌లో చిగుళ్ళ మీద మంచు పడింది. మన ప్రొడక్షన్ సర్వర్ పడిపోతే నాలుగు గంటల్లో లేపుతాం. వీళ్ళకి రిలీజ్ ఏడాదికి ఒక్కటే, రోల్‌బ్యాక్ లేదు.

ఇక్కడ ఇంజనీర్లకి నచ్చే కథ ఒకటుంది. 1965లో డేవిడ్ లెట్ అనే కుర్రాడు కాలిఫోర్నియా నుంచి మూడువేల ద్రాక్ష కొమ్మలు పట్టుకుని ఈ లోయకి వచ్చాడు. అక్కడ చలీ వానా ఎక్కువ, ఈ ద్రాక్ష పండదని చదువుకున్న చోట చెప్పి పంపారట. మరుసటేడు డండీ కొండల్లో నాటాడు. మెక్‌మిన్‌విల్‌లో టర్కీ కోళ్ళని కోసి ప్యాక్ చేసే పాత షెడ్డు ఒకటి తీసుకుని అందులో వైనరీ పెట్టాడు. ఆయన ‘ఐరీ’ వారి 1975 పినో నువార్ 1979లో పారిస్‌లో జరిగిన పోటీలో మొదటి పదిలో నిలబడింది. ఏదో పొరపాటు జరిగిందేమోనని బర్గండీకి చెందిన రాబర్ట్ డ్రూఎన్ 1980లో మళ్ళీ పోటీ పెడితే ఈసారి రెండో స్థానంలోకి వచ్చింది. 1987లో అదే డ్రూఎన్ కుటుంబం డండీ కొండల్లో భూమి కొనుక్కుంది. అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ ఏముంటుంది! ఆ తొలితరంలో డిక్ ఎరాత్ బీవర్టన్‌లోని టెక్‌ట్రానిక్స్‌లో పనిచేసిన ఇంజనీరు. డిక్ పోంజీ మెకానికల్ ఇంజనీరు. అంటే ఈ లోయని నిలబెట్టినవాళ్ళలో మన జాతివాళ్ళే ఇద్దరున్నారు, పగలు ఆఫీసు, సాయంత్రం, శనాదివారాలు తోట.

సరే, అపాయింట్‌మెంట్ దగ్గరకొద్దాం.

లెక్క వేద్దాం, మనకి లెక్కలంటే ఇష్టం కదా. పది ఎకరాల తోట అనుకోండి. మంచి పినో కోసం ఎకరానికి రెండున్నర టన్నులకి మించి ఉంచరు. పాతిక టన్నులు. టన్నుకి సుమారు అరవై కేసులు, కేసుకి పన్నెండు సీసాలు. అంటే ఏడాదికి పద్దెనిమిది వేల సీసాలు. ఇదే సీసా షాపు ద్వారా అమ్మితే మధ్యలో డిస్ట్రిబ్యూటరు, ఆ తర్వాత షాపువాడు తీసుకోగా వైనరీకి దక్కేది షాపు ధరలో సుమారు సగం. నలభై డాలర్ల సీసా మీద ఇరవై. ఆ ఇరవైలోనే కూలీలు, ఫ్రెంచి ఓక్ పీపాలు, సీసాలు, బ్యాంకు వడ్డీ అన్నీ. తన బల్ల దగ్గర తన చేత్తో అమ్ముకుంటే మొత్తం నలభై తనకే. కాబట్టి చిన్న వైనరీ బతికేది ఆ బల్ల దగ్గరే. ఆ బల్ల దగ్గర నిలబడేది ఎవరు? జీతగాళ్ళు కాదు. పొద్దున ట్రాక్టర్ నడిపినావిడే మధ్యాహ్నం చేతులు కడుక్కుని వచ్చి మనకి పోస్తుంది.

మనం వస్తామని చెప్పిన రోజు ఆవిడ పని ఆపుకుంటుంది. గంట ముందే ఐదు సీసాలు తీసి గాలి తగలనిస్తుంది. తీసిన పినో సీసా ఒకటి రెండు రోజులకి మించి బాగుండదు. మనం రాకపోతే ఆ ఐదు సీసాలూ, అంటే రెండొందల డాలర్ల సరుకు, ఒక పూట పని, పోయినట్టే. స్టాండప్ మీటింగ్‌కి ‘డిక్లైన్’ కొట్టినంత తేలిగ్గా దీన్ని తీసుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

అసలు ముందే చెప్పి వెళ్ళడం మనకి తెలీని పద్ధతా? పల్లెలో మంచి ఈతకల్లు కావాలంటే గౌడన్నకి ముందురోజే చెప్పాలి. ఎంతమంది వస్తారో చెప్పాలి. తెల్లారేసరికి చెట్టు కింద ఉండాలి. తొమ్మిదింటికి తాపీగా వెళ్ళి ‘ఏదీ, పొయ్యి’ అంటే పులిసిపోయింది పోస్తాడు, లేకపోతే ఏమీ ఉండదు. అక్కడ మనం గౌడన్నకి పొగరు అనలేదే! చెట్టు ఇచ్చేది అంతే అని మనకి తెలుసు. ఇక్కడా అంతే.

ఇంకో కారణం చట్టం. 1973లో ఒరెగాన్ రాష్ట్రం సెనేట్ బిల్ 100 అనే భూవినియోగ చట్టం చేసింది. వ్యవసాయ భూమి అని గుర్తించినచోట ఇష్టమొచ్చినట్టు కట్టడానికి లేదు. వైనరీ పెట్టాలన్నా, జనాన్ని పిలిచి వేడుకలు చేయాలన్నా బోలెడు షరతులు. హిల్స్‌బొరో శివార్లలో మీరు గమనించే ఉంటారు, అపార్ట్‌మెంట్లు, అపార్ట్‌మెంట్లు, ఒక రోడ్డు దాటగానే కత్తితో కోసినట్టు ఊరు ఆగిపోయి పొలాలు మొదలవుతాయి. ఆ గీత ఊరికే రాలేదు. మా మేడ్చల్ వైపు అలాంటి గీత లేదు. పందిళ్ళు పోయి ప్లాట్లు వచ్చాయి. ఫలానా గార్డెన్స్ అని పేరు మాత్రం మిగిలింది. కాబట్టి డండీ కొండ మీద ఎవరైనా ‘రోజుకి ఇద్దరు ముగ్గుర్నే రానిస్తాం’ అంటే నాకు కోపం రాదు. ఆ కొండ ఇంకా కొండలా ఉందంటే ఇలాంటి చిరాకు నిబంధనల వల్లే.

ఇప్పుడు ఒక సంఘటన. మూడేళ్ళ కింద అక్టోబర్లో ఒక ఫ్రెండ్ ఆరుగురికి బుక్ చేశాడు. అక్టోబర్ కోతల నెల, ఆ టైములో ఒప్పుకోవడమే గొప్ప. మేం ఆరుగురం వెళ్ళి కూర్చున్నాం. పది నిమిషాలకి రెండో కారు వచ్చింది. ఐదుగురు పెద్దవాళ్ళు, ఇద్దరు పిల్లలు, ఒక మడత కుర్చీ, పెద్ద డబ్బాతో పులిహోర. “వాట్సాప్‌లో పెట్టాను, అందరూ వస్తామన్నారు, ఏమనుకుంటార్లే” అన్నాడు మావాడు. అరవై ఏళ్ళావిడ. వేళ్ళ సందుల్లో ఊదారంగు మరకలు, భుజం మీద తడి టవలు. ఒక్క క్షణం మా అందర్నీ చూసింది. ఏమీ అనలేదు. లోపలికెళ్ళి ఇంకో ఐదు గ్లాసులు కడిగి తెచ్చింది. పిల్లలు పులియబెట్టే తొట్ల దగ్గరికి పరిగెడుతుంటే వాళ్ళ వెనకాల తిరిగింది. (ఆ తొట్లలోంచి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ముఖం పెట్టి పీలిస్తే కళ్ళు తిరిగి పడిపోతారు. అది ఆటస్థలం కాదు.) రెండింటికి రావాల్సిన ముసలి దంపతులు చెప్పిన టైముకే వచ్చి నలభై నిమిషాలు కార్లో కూర్చున్నారు. చివర్లో మా పదకొండు మందీ కలిసి కొన్నది నాలుగు సీసాలు, అందులో మూడు మా ఆవిడా నేనూ తీసుకున్నవి. ఆ నాలుగో సీసాకి మావాడు డిస్కౌంట్ అడిగాడు.

వచ్చేటప్పుడు కార్లో టాపిక్ ఏంటో తెలుసా? “మనిషి మంచిదే గానీ కొంచెం నవ్వలేదురా.” !!

మూడో మాట దగ్గరికి ఇప్పుడు రావచ్చు. కొన్నిచోట్ల మనల్ని చూడగానే ‘మీకు తీపి వైన్ కావాలా’ అని అడుగుతారు, అవును. పక్క టేబుల్‌కి తోట మ్యాపు తెచ్చి పావుగంట చెప్పినవాడు మన దగ్గరికొచ్చేసరికి పేరు చెప్పి, పోసి, వెళ్ళిపోతాడు. నాకు ఒకచోట సరిగ్గా ఇలాగే జరిగింది, ఆ వైనరీకి మళ్ళీ వెళ్ళలేదు. అది వాళ్ళ సంకుచితత్వం, దానికి మనం సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. అలాగే అపాయింట్‌మెంట్ మాటని హోదాకి వాడుకునే పెద్ద వైనరీలూ ఉన్నాయి. సోఫాలు, చలిమంట, తలకి వంద డాలర్లు. వాటిని నేను సమర్థించట్లేదు. వాటికి నా డబ్బు అక్కర్లేదు, నాకు వాటి సోఫా అక్కర్లేదు. కానీ ఆ అరవై ఏళ్ళావిడ విషయం వేరు. తర్వాత వచ్చే తెలుగు పేరున్న బుకింగ్‌ని ఆవిడ ఏ మనసుతో చూస్తుందో ఆలోచిస్తే నాకు సిగ్గేస్తుంది. అప్పుడు వచ్చేది ఎవరో మనకి తెలీని కుర్రాడు, నిజంగా నేర్చుకోవాలని వచ్చినవాడు అయ్యుండొచ్చు.

మరి ఎలా వెళ్ళాలి? నా పద్ధతి చెప్తాను, నచ్చితే తీసుకోండి.

నలుగురు. మహా అయితే ఆరుగురు. అంతకన్నా ఎక్కువమంది ఉంటే అది టేస్టింగ్ కాదు, పిక్నిక్. పిక్నిక్‌కి హాగ్ లేక్ పార్కు ఉంది, బ్రహ్మాండంగా ఉంటుంది, పులిహోర అక్కడే రుచి. మూడు నాలుగు వారాల ముందే మెయిల్ రాస్తాను. ఎంతమందిమో, అందులో తాగనివాళ్ళు ఎందరో, పిల్లలున్నారో లేదో, ఏ రోజు, ఏ టైము, వాళ్ళ దగ్గర ఏం రుచి చూడాలనుకుంటున్నామో. ఆఖరిది ముఖ్యం. “మీ దగ్గర ఒకే ఏడాదివి రెండు వేర్వేరు తోటల పినోలు పక్కపక్కన పెట్టగలరా?” అని ఒక్క వాక్యం రాస్తే వచ్చే జవాబు తీరే మారిపోతుంది. వాళ్ళకి తెలుస్తుంది, వచ్చేవాళ్ళు సెల్ఫీల కోసం రావట్లేదని. పిల్లల్ని రానివ్వమంటే వాదించొద్దు, వేరే చోటు చూసుకోవాలి. ప్లాన్ మారితే రెండు రోజుల ముందే చెప్పాలి, పొద్దున్నే ‘సారీ’ అని మెసేజ్ పెడితే లాభం లేదు.

కాలం సంగతి. మెమోరియల్ డే, థ్యాంక్స్‌గివింగ్ వారాంతాల్లో చాలా చిన్న వైనరీలు తలుపులు బార్లా తెరుస్తాయి. మామూలప్పుడు ఎవర్నీ రానివ్వనివి కూడా. తిరనాళ్ళలా ఉంటుంది, అది ఒక సరదా. మాట్లాడాలనుకుంటే మాత్రం ఫిబ్రవరి, మార్చి. వాన పడుతుంటుంది, తోటలో కత్తిరింపులు జరుగుతుంటాయి, సందర్శకులు ఉండరు, మనసు బాగుంటే పీపాలోంచి నేరుగా తీసి ఇస్తారు. కోతల టైములో, అంటే సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ ఆఖరు దాకా, వాళ్ళని అడగకపోవడమే మర్యాద.

మన శాకాహారులకి ఒక మాట. వైన్ ద్రాక్ష రసమే కదా, ఇందులో ఏముంటుంది అనుకుంటాం. వైన్‌ని తేటపరచడానికి కోడిగుడ్డు తెల్లసొన, చేప తిత్తి నుంచి తీసిన పదార్థం, జెలటిన్, పాల ప్రొటీను లాంటివి వాడే పద్ధతి ఉంది. ఆ తర్వాత వాటిని తీసేస్తారు గానీ, పట్టింపు ఉన్నవాళ్ళకి తెలియాలిగా. చిన్న పినో వైనరీలు చాలావరకు ఏమీ కలపకుండానే సీసాల్లో పోస్తాయి, అడిగితే సంతోషంగా చెప్తారు. అలాగే పక్కన పెట్టే పళ్ళెంలో సాధారణంగా పంది మాంసం ముక్కలుంటాయి. మెయిల్లోనే వద్దని రాస్తే చీజ్, బాదం, పళ్ళు పెడతారు. ఇంకోటి, ఆ రోజు సెంటు కొట్టుకోకండి. మీ గ్లాసులో సెంటు వాసనే వస్తుంది, సరే మీ ఇష్టం, పక్కవాళ్ళ గ్లాసులో కూడా అదే వస్తుంది. పొద్దున ఆవకాయ అన్నం తిని వెళ్ళినా అంతే, నాలుక మండుతుంటే పినోలో మిగిలేది మంట ఒక్కటే.

ఇక డ్రైవింగ్. ఇది నవ్వులాట కాదు.

ఒక్కో వైన్ ఒకటిన్నర ఔన్సు పోస్తారనుకుందాం. ఐదు రకాలు. ఏడున్నర ఔన్సులు, అంటే ఒకటిన్నర గ్లాసు. మూడు వైనరీలు తిరిగితే నాలుగున్నర గ్లాసులు, అదీ మధ్యాహ్నం, సగం కడుపుతో. ఒరెగాన్‌లో పరిమితి 0.08 శాతం, అంతకన్నా తక్కువున్నా నడక తేడాగా ఉంటే పట్టుకోవచ్చు. 219 రోడ్డు మీద ఆ మలుపులు తెలిసినవాళ్ళకి నేను ఇంకేం చెప్పక్కర్లేదు. ప్రాణాల తర్వాత మన వీసాలు. 2015 నుంచి అమెరికా విదేశాంగ శాఖ, తాగి నడిపినందుకు అరెస్టయితే చాలు, కేసు తేలకముందే వీసా స్టాంపు రద్దు చేయగలదు. ఇక్కడ ఉద్యోగం చేసుకోవడానికి వెంటనే ఇబ్బంది రాకపోవచ్చు. కానీ చెల్లెలి పెళ్ళికి ఇండియా వెళ్తే మళ్ళీ స్టాంపింగు, వాళ్ళు చెప్పిన డాక్టరు దగ్గర పరీక్షలు, ఎన్నాళ్ళు పడుతుందో తెలీని ఎదురుచూపు. పదేళ్ళు గ్రీన్ కార్డు లైన్లో నిలబడినవాడు ఐదు గుక్కల కోసం ఆ పని చేయడమంత తెలివితక్కువ ఇంకోటి లేదు.

బల్ల మీద చిన్న బకెట్ పెడతారు చూడండి, అది అలంకారం కాదు. రుచి చూసి ఉమ్మేయడానికి, మిగిలింది పారబోయడానికి. డబ్బులిచ్చింది పారబోయడమేంటని మనకి చేతులు రావు. వైన్ చేసేవాళ్ళే రోజూ ఉమ్మేస్తారు, అందులో అవమానం ఏమీ లేదు. వెళ్ళేటప్పుడు ఊబర్ దొరుకుతుంది గానీ కొండ మీంచి తిరిగి రావడానికి దొరుకుతుందని నమ్మకం లేదు, పైగా చాలాచోట్ల ఫోన్ సిగ్నలే ఉండదు. కాబట్టి ఒక మనిషి ఆ రోజుకి తాగకుండా ఉండాలి. మన గ్రూపుల్లో ఈ మనిషి ఎవరో ముందే తేలిపోతుంది, ఎవరో ఒకరి భార్య. ‘తను ఎలాగూ తాగదుగా’ అంటాం. తాగదు సరే, తన శనివారం మొత్తం మనల్ని మోసుకు తిరగడానికి ఇష్టమేనా అని ఎవరమైనా అడిగామా? మా ఆవిడ తాగదు. కానీ ముక్కు గట్టిది, గ్లాసు వాసన చూసి నాకన్నా ముందు చెప్తుంది. ఇప్పుడు మా ఇంట్లో ఒప్పందం, ఒకసారి తను నడిపితే తర్వాతసారి నేను నడుపుతాను, నాకోసం ఒక్కో గుక్క నోట్లో వేసుకుని ఉమ్మేస్తాను. నిజం చెప్పాలంటే అలా వెళ్ళిన రోజే ఎక్కువ గుర్తుంటుంది :)

రోజుకి రెండు చాలు. పదకొండింటికి ఒకటి, మధ్యలో న్యూబర్గ్‌లోనో మెక్‌మిన్‌విల్‌లోనో కడుపునిండా భోజనం, రెండున్నరకి ఇంకొకటి. ఒక్కోచోట గంటన్నర.

అడగాల్సినవి చాలా ఉన్నాయి. నాకు మట్టి సంగతి ఇష్టం. డండీ కొండల్లో మట్టి పేరు జోరీ, ఎర్రగా, అచ్చం మన చెల్క నేలలా ఉంటుంది. 2011లో దాన్ని ఒరెగాన్ రాష్ట్రపు అధికారిక మట్టిగా ప్రకటించారు కూడా. తమాషా ఏంటంటే ఇది లావా రాయి, బసాల్ట్, నుంచి వచ్చింది. మన దగ్గర బసాల్ట్ రాయి నల్లరేగడి అయింది. చెల్క వచ్చింది గ్రానైటు నుంచి. అదే జాతి రాయి ఇక్కడి వానకి, లక్షల ఏళ్ళకి, ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది. పక్కనే యామ్‌హిల్–కార్ల్‌టన్ వైపు వెళ్తే మట్టి ఒకప్పటి సముద్రగర్భం. ఒకే మనిషి, ఒకే ఏడాది, ఒకే రకం ద్రాక్షతో ఈ రెండు మట్టుల్లో చేసిన వైన్లు పక్కపక్కన పెట్టుకుని తాగితే దొరికేది మన ఏ/బీ టెస్టే. నా నాలుకకి జోరీది ఎర్రపండ్ల వైపు, సముద్రపు మట్టిది ముదురు నల్లపండ్ల వైపు వెళ్తుంది. మీకు అలా అనిపించకపోతే అలాగే చెప్పండి, అక్కడెవరూ మార్కులు వేయరు. ఇంకో సంగతి, సీసా మీద పినో నువార్ అని రాయాలంటే అమెరికా చట్టం ప్రకారం 75 శాతం ఆ ద్రాక్ష ఉంటే చాలు. ఒరెగాన్ 90 శాతం ఉండాలంటుంది. కష్టం కొనితెచ్చుకునే రాష్ట్రం అని చెప్పాగా.

కానీ నేను విన్నవాటిల్లో అందరికన్నా మంచి ప్రశ్నలు అడిగింది వైన్ చుక్క ముట్టని మనిషి, మా నాన్న. రెండేళ్ళ కింద అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఆగస్టులో ఒక చిన్న వైనరీకి రాశాను, ‘మా నాన్న తాగరు, ఒకప్పుడు ద్రాక్ష పందిరి కింద పనిచేశారు, తోట చూపించగలరా’ అని. ఫీజు మా ఇద్దరికే తీసుకున్నారు. నాన్న గ్లాసుల వైపు చూడనే లేదు. తీగ దగ్గర వంగి, “గింత కిందికి కట్టిన్రేందిరా? నడుం పోదా?” అన్నారు. పందిరి కాకుండా తీగల మీద నిలువుగా ఎందుకు పాకించారో ఆయన అడగడం, నేను ఇంగ్లీషులో చెప్పడం, అక్కడి ఆయన మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి చాపి సూర్యుడి దారి చూపించడం. చల్లటి చోట ప్రతి ఆకుకీ ఎండ తగలాలి, మన దగ్గర పండుకి నీడ కావాలి. నాన్నకి ఒక్క ముక్కలో అర్థమైపోయింది.

తర్వాత కింద చూశారు. వరసల మధ్య నేల నిండా కోసి పడేసిన గుత్తులు. కాపు తగ్గించి మిగిలిన గుత్తుల్లో రుచి పెంచడానికి ఆగస్టులో కొన్ని కోసి పారేస్తారు. “కాసిన కాయ కోసి కింద పారేస్తరా? ఎకరానికి ఎంతొస్తది మరి?” రెండున్నర టన్నులని చెప్పాను. అనాబ్-ఎ-షాహీ పందిరి ఎకరానికి పది పదిహేను టన్నులకి పైగా కాసేదని నాన్న చెప్తే అక్కడి ఆయన నమ్మలేదు, రెండుసార్లు అడిగించుకున్నాడు. నాన్న ఒక గుత్తి తీసి తుడిచి జేబులో వేసుకున్నారు, పారేసిందాన్ని తీసుకోవడానికి ఎవరి పర్మిషన్ అడగలేదు. గంటన్నర అనుకున్నది రెండున్నర గంటలైంది, ఈసారి ఆలస్యం చేసింది వాళ్ళే. వెనక ఇంకో బుకింగ్ లేదు కాబట్టి సరిపోయింది.

కొనడం గురించి కూడా చెప్పేసి ఆపేస్తాను. ఈ లోయలో టేస్టింగ్ ఫీజు చాలాచోట్ల పాతిక నుంచి యాభై డాలర్ల మధ్య ఉంటోంది. కొన్నిచోట్ల రెండు మూడు సీసాలు కొంటే మాఫీ చేస్తారు. నచ్చకపోతే కొనొద్దు, మొహమాటానికి కొన్న వైన్ ఫ్రిజ్ మీద దుమ్ము పట్టి పడుంటుంది. ఫీజు కట్టాం, వాళ్ళ సమయానికి అది సమాధానం. నచ్చితే మాత్రం తలా ఒక సీసా అయినా తీసుకోండి, బేరం ఆడకుండా. ఇండియాకి పట్టుకెళ్ళాలనుకుంటే మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తీసుకెళ్ళొచ్చు, అంటే 750 మిల్లీల సీసాలు రెండు. చెక్-ఇన్ సూట్‌కేసులో, చీరల మధ్య చుట్టి. మామయ్యకి ఇచ్చేముందు ఇది ఐసు వేసుకునేది కాదని, సోడా కలిపేది అసలే కాదని చెప్పండి. ఆయన ఎలాగూ కలుపుతారు, అది వేరే విషయం.